వెండి వలయం చూసి మురిసిపోదామా?

ప్రాజెక్టుల కాలం వచ్చిందంటే చాలు, మా విభాగానికి ఒకే రకం ఫోన్లు వస్తాయి. "మేడమ్, మేము వెండి నానో కణాలు తయారుచేశాం. మందులకు లొంగని బ్యాక్టీరియా మీ దగ్గర ఉంటుంది కదా, ఒక్క స్ట్రెయిన్ ఇప్పిస్తారా?" అడిగేది ఎమ్మెస్సీ విద్యార్థిని కావచ్చు, ఫార్మసీ కాలేజీ లెక్చరర్ కావచ్చు. పద్ధతి అందరిదీ ఒకటే, ఆకు మాత్రం మారుతుంది. ఒకరిది వేపాకు, ఒకరిది తులసి, మరొకరిది తంగేడు. సిల్వర్ నైట్రేట్ అనే వెండి లవణం ద్రావణంలో ఆకు కషాయం పోస్తారు. ద్రావణం గోధుమ రంగుకు తిరుగుతుంది. స్పెక్ట్రోమీటర్ గ్రాఫులో 420 నానోమీటర్ల దరిదాపుల్లో ఒక శిఖరం లేస్తుంది. నానో కణాలు, అంటే కంటికి కనబడనంత సన్నని వెండి రేణువులు, తయారయ్యాయనడానికి అది గుర్తు. సంబరం అక్కడే మొదలవుతుంది. మన దేశంలో మొలిచే మొక్కల్లో ఈ పరీక్షకు గురికాని మొక్క ఏదైనా మిగిలి ఉందా అని నాకు అనుమానం.

నేను హైదరాబాద్‌లో ఒక ఆసుపత్రి మైక్రోబయాలజీ ల్యాబులో పనిచేస్తాను. ఐసీయూల నుంచి వచ్చే రక్తం, కఫం, మూత్రం, చీము మా బల్ల మీదికి వస్తాయి. అందులో ఏ బ్యాక్టీరియా పెరిగింది, ఏ మందుకు చస్తుంది, ఏ మందుకు చావదు అని చెప్పడం మా పని. మొండి స్ట్రెయిన్లు (బ్యాక్టీరియా రకాలు) అడిగిన వాళ్లందరికీ పంచిపెట్టే వస్తువులు కావు. విభాగాధిపతి ఉత్తరం, భద్రతా ఏర్పాట్లు చూసుకున్నాక, చాలాసార్లు పరీక్ష మా ల్యాబులోనే చేసుకోనిస్తాం. అందుకే ఆ తర్వాత జరిగేది దగ్గరగా చూసే అవకాశం నాకుంది.

పరీక్ష ఇలా ఉంటుంది. గుండ్రటి ప్లేటులో లేత గడ్డిరంగు అగార్ (బ్యాక్టీరియా పెరిగే జెల్లీ) పోసి గట్టిపడనిస్తారు. దూది పుల్లను బ్యాక్టీరియా ద్రవంలో ముంచి, గొట్టం అంచుకు ఒత్తి పిండి, ప్లేటును తిప్పుతూ మూడు దిక్కుల్లో ఖాళీ లేకుండా పూస్తారు. అగార్‌లో చిన్న గుంట తీసి అందులో వెండి ద్రావణం వేస్తారు. పక్కన పోలిక కోసం మెరోపెనెం అనే యాంటీబయోటిక్ బిళ్ల ఒకటి పెడతారు. ప్లేటును బోర్లించి 35 డిగ్రీల ఇంక్యుబేటర్లో ఉంచుతారు. మర్నాడు ఉదయం తీసి చూస్తే క్లెబ్సియెల్లా అనే ఆ బ్యాక్టీరియా ప్లేటంతా బూడిద తెలుపు రంగులో, జిగటగా పరుచుకుని ఉంటుంది. మెరోపెనెం బిళ్లను అది లెక్కచేయదు, బిళ్ల అంచును ఆనుకునే పెరుగుతుంది. వెండి గుంట చుట్టూ మాత్రం తేటగా, ఏమీ మొలవని ఒక వలయం. ప్రయోగం చేసిన అమ్మాయి కళ్లు మెరుస్తాయి. ఫోను బయటికి వస్తుంది, నాలుగు వైపుల నుంచి ఫోటోలు. థీసిస్‌లో చివరి వాక్యం అప్పటికే సిద్ధంగా ఉంటుంది: మందులకు లొంగని బ్యాక్టీరియాకు ఇది ప్రత్యామ్నాయం.

ఆ వలయం అబద్ధం చెప్పదు. అది చెప్పేది చాలా కొంచెం. ఆ కొద్దిదాన్ని కొండంత చేసి కాలేజీలు పేపర్లు రాస్తున్నాయి, కంపెనీలు సాక్సులు, గోడ రంగులు, కర్టెన్లు అమ్ముతున్నాయి. ఈ జోరు ఇలాగే సాగితే వెండి నిజంగా అక్కరకొచ్చే ఆ రెండు మూడు చోట్ల కూడా అది పనిచేయని రోజు వస్తుందన్నది నా వాదన. యాంటీబయోటిక్స్ విషయంలో ఈ ఊరు ఆ సినిమా ఒకసారి చూసింది.

వెండి మీద మనకున్న నమ్మకాన్ని ముందు ఒప్పుకోవాలి. పసిబిడ్డకు ఉగ్గు గిన్నె వెండిదే కొంటాం. అన్నప్రాశనకు వెండి గిన్నె, వెండి చెంచా తప్పవు. సికింద్రాబాద్ పాట్ మార్కెట్లో ఇప్పటికీ మేనమామలు బేరమాడేది వాటి కోసమే. పాతబస్తీలో వెండి ముక్కలను తోలు పొరల మధ్య పెట్టి సుత్తితో గంటల తరబడి కొట్టి వరఖ్ తయారుచేసే వాళ్లున్నారు. ఊపిరి తగిలితే ఎగిరిపోయేంత పలుచని ఆ రేకు మిఠాయి మీదికీ పాన్ మీదికీ వెళుతుంది. ఇంత సాంగత్యం ఉన్న లోహం క్రిములను చంపుతుందంటే ఎవరూ ఎదురు ప్రశ్న వేయరు. అమ్మేవాళ్లకు అదే పెట్టుబడి.

వైద్యంలో వెండి చరిత్ర గట్టిదే. 1880ల్లో జర్మనీలోని లైప్‌జిగ్‌లో కార్ల్ క్రెడే అనే ప్రసూతి వైద్యుడు అప్పుడే పుట్టిన పిల్లల కళ్లలో రెండు శాతం సిల్వర్ నైట్రేట్ చుక్క వేయడం మొదలుపెట్టాడు. తల్లి నుంచి సోకే గనేరియా వల్ల పుట్టిన వారంలోపే చూపు పోయే పిల్లలు ఆ రోజుల్లో ఎందరో. అతని ఆసుపత్రిలో దాదాపు పది శాతం మంది పిల్లలకు వచ్చే ఆ కంటిజబ్బు ఒక శాతం లోపుకు దిగింది. కార్ల్ ఫాన్ నేగెలి అనే శాస్త్రవేత్త, తను పోయాక 1893లో అచ్చయిన వ్యాసంలో, నీటిలో అత్యల్ప మోతాదులో ఉన్న లోహాలు కూడా జీవకణాలను చంపగలవని రాశాడు. 1965లో మోయర్ అనే అమెరికన్ సర్జన్ కాలిన గాయాలకు అర శాతం సిల్వర్ నైట్రేట్ తడిపిన కట్లు వాడి చూపించాడు. 1968లో చార్లెస్ ఫాక్స్ వెండిని సల్ఫా మందుతో కలిపి సిల్వర్ సల్ఫాడయజీన్ తెచ్చాడు. దీపావళి మర్నాడు మన ఊళ్లో చేతులు, మొహాలు కాలి వచ్చే పిల్లలకు పూసే తెల్లటి క్రీము అదే.

ఇక అది చంపే తీరు. పూజగదిలో వెండి కుందులు నెలల్లో నల్లబడటం అందరూ చూసేదే. గాలిలో ఉండే గంధకపు వాయువులను వెండి పట్టుకుని సిల్వర్ సల్ఫైడ్‌గా మారుతుంది. బ్యాక్టీరియాను చంపేటప్పుడూ పనిచేసేది ఈ గంధకపు మోజే. బ్యాక్టీరియా ప్రొటీన్లలో చాలాచోట్ల గంధకపు కొనలుంటాయి, ఆ ప్రొటీన్ల పని వాటి మీదే ఆధారపడి ఉంటుంది. వెండి అయాను (విద్యుదావేశం ఉన్న వెండి పరమాణువు) వెళ్లి వాటికి అతుక్కుంటుంది. శ్వాసక్రియ నడిపే ఎంజైములు ఆగిపోతాయి, పొర చిల్లులు పడుతుంది, కణంలో ఆక్సిజన్ విషపు రూపాలు పేరుకుంటాయి. ఒకేసారి ఇన్ని చోట్ల దెబ్బ తగులుతుంది కాబట్టి బ్యాక్టీరియా దీన్ని తప్పించుకోలేదని చాలాకాలం నమ్మారు. ఇప్పటికీ ప్రకటనల్లో అదే రాస్తారు.

ఇందులో అయాను పని ఏది, నానో కణం పని ఏది అన్నది తేల్చుకోవాలి. 2012లో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయం వాళ్లు సూటి ప్రయోగం ఒకటి చేశారు. ఆక్సిజన్ లేని చోట వెండి కణాల నుంచి అయాన్లు విడుదల కావు. అలాంటి చోట ఇ. కోలైని వెండి నానో కణాలతో కలిపి ఉంచితే అది చావలేదు. గాలి తగిలి అయాన్లు వచ్చినప్పుడే చచ్చింది. అంటే నానో కణం వెండిని కొద్దికొద్దిగా వదిలే గిడ్డంగి. అది ఆకు కషాయంతో తయారైనా, రసాయనంతో తయారైనా, చివరికి చంపేది 1880ల నాటి ఆ అయానే. ఆకు మారిన ప్రతిసారీ కొత్త మందు కనిపెట్టామనుకోవడం నాకు మింగుడుపడదు. కణం సైజు, దాని పై పూత అయాన్ల విడుదల వేగాన్ని మారుస్తాయి, నిజమే. ఆ వేగాన్ని కొలిచిన విద్యార్థులు మాత్రం నాకు అరుదుగా కనిపించారు.

వలయం వెడల్పును మిల్లీమీటర్లలో కొలిచి, ఇది దానికంటే గొప్ప అని పోల్చడంలో ఇంకో తిరకాసు ఉంది. యాంటీబయోటిక్ బిళ్లలకు ఇన్ని మిల్లీమీటర్లయితే పనిచేస్తుంది, ఇంతకు తక్కువైతే చేయదు అనే అంగీకృత పట్టికలున్నాయి. వాటి వెనక రోగుల సమాచారం ఉంది, మందు రక్తంలో ఏ మోతాదుకు చేరుతుందన్న లెక్క ఉంది. వెండికి అలాంటి పట్టిక ఏదీ లేదు. అగార్‌లో ఉన్న ప్రొటీన్ ముక్కలూ ఉప్పూ కొంత వెండిని దారిలోనే పట్టేస్తాయి, మిగిలింది సరిగా పాకదు. కాబట్టి ఒక రోగి చీములో పెరిగిన బ్యాక్టీరియా వెండికి లొంగుతుందా, లొంగదా అని సర్జన్ అడిగితే, రిపోర్టులో రాయడానికి నా దగ్గర ప్రామాణికమైన జవాబు ఉండదు. దశాబ్దాలుగా వాడుతున్న మందుకు సెన్సిటివిటీ రిపోర్టు ఇవ్వలేని పరిస్థితి ఇంకెక్కడైనా ఉంటే అందరూ గోల చేసేవాళ్లు.

ప్లేటు దాటి ఒంట్లోకి వస్తే కథ ఇంకా మారుతుంది. మన రక్తంలో క్లోరైడ్ దండిగా ఉంటుంది. వెండి అయానుకు అది తగిలితే సిల్వర్ క్లోరైడ్‌గా మారి అడుగున చేరుతుంది. ఆల్బుమిన్‌లాంటి ప్రొటీన్లలో గంధకపు కొనలున్నాయి, మిగిలిన వెండిని అవి పట్టేస్తాయి. వెండికి బ్యాక్టీరియా గంధకం, మన గంధకం అని తేడా తెలియదు. స్వేదనజలంలో వీరంగం వేసిన ద్రావణం సీరంలో (రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవంలో) చతికిలబడటం ఇందుకే. ఒక విద్యార్థినితో ఈ పరీక్ష చేయించాను. అదే కణాలు, అదే క్లెబ్సియెల్లా, కాకపోతే మాధ్యమంలో సగం సీరం. బ్యాక్టీరియాను ఆపడానికి కావలసిన వెండి మోతాదు ఎన్నో రెట్లు పెరిగింది. ఆ అమ్మాయి గైడు ఈ ఫలితం థీసిస్‌లో వద్దన్నారట. నా దృష్టిలో ఆ థీసిస్‌లో చదవాల్సిన పేజీ అదొక్కటే.

మాత్రగానో ఇంజెక్షన్‌గానో ఇచ్చి న్యుమోనియాను, రక్తంలో పాకిన ఇన్ఫెక్షన్‌ను నయం చేసే వెండి మందు ఇన్నేళ్లయినా రాకపోవడానికి ఇదీ ఒక కారణం. దీన్ని దాచిపెట్టి, వెండి నీళ్లు తాగితే రోగనిరోధక శక్తి పెరుగుతుందని అమ్మేవాళ్లున్నారు. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 1999లోనే కొల్లాయిడల్ సిల్వర్ అనే ఈ వెండి నీళ్లతో చేసిన మందులు సురక్షితమని గానీ, పనిచేస్తాయని గానీ ఒప్పుకోలేమని తేల్చింది. కోవిడ్ వచ్చినప్పుడు మళ్లీ ఆ సీసాలే బయటికి వస్తే 2020 మార్చిలో హెచ్చరికలు పంపింది. అలా ఏళ్ల తరబడి తాగిన వాళ్లకు వెండి చర్మంలో పేరుకుని ఒళ్లు బూడిద కలిసిన నీలం రంగుకు తిరుగుతుంది. ఆర్జిరియా అంటారు. ఆ రంగు ఇక పోదు.

సరే, ఒంటి లోపల కాదు, పైపైన, వస్తువుల మీద వాడదాం అంటారు. న్యాయమైన మాటే. దాన్ని పెద్ద ఎత్తున పరీక్షించిన వాళ్లూ ఉన్నారు. 2008లో వెలువడిన ఒక అధ్యయనంలో వెంటిలేటర్ రోగుల గొంతులో వేసే గొట్టానికి వెండి పూత పూసి, ఉత్తర అమెరికాలోని 54 కేంద్రాల్లో రెండు వేల మందికి పైగా రోగుల మీద చూశారు. కనీసం ఒక రోజు గొట్టం ఉన్నవారిలో మామూలు గొట్టంతో 7.5 శాతం మందికి న్యుమోనియా వస్తే, వెండి గొట్టంతో 4.8 శాతం మందికి వచ్చింది. ఇది చిన్న విజయం కాదు. మరణాల్లో మాత్రం తేడా కనిపించలేదు. 2012లో బ్రిటన్‌లోని 24 ఆసుపత్రుల్లో ఏడు వేల మందికి పైగా రోగుల మీద వెండి మిశ్రమం పూసిన మూత్రపు కాథెటర్లను (గొట్టాలను) పరీక్షించారు. మామూలు కాథెటర్‌తో మూత్రపు ఇన్ఫెక్షన్ 12.6 శాతం, వెండి కాథెటర్‌తో 12.5 శాతం. ప్రయోగశాలలో ఆ కాథెటర్ చుట్టూ కూడా చక్కటి వలయమే వచ్చి ఉంటుంది! ఇక మనకు బాగా అలవాటైన సిల్వర్ సల్ఫాడయజీన్ మాటకొస్తే, కాలిన గాయాల అధ్యయనాలను గుదిగుచ్చిన 2013 కాక్రేన్ సమీక్ష చెప్పింది ఇది: కొత్త రకం కట్లతో పోలిస్తే ఆ క్రీము పూసిన గాయాలు ఆలస్యంగా మానుతున్నాయి. వెండి కొత్త చర్మపు కణాలకూ చురక పెడుతుంది.

ఇంతవరకూ చెప్పింది వెండి ఎక్కడ పనిచేస్తుంది, ఎక్కడ చేయదు అన్న తగువు. నన్ను నిజంగా కలవరపెట్టేది వేరే ఉంది.

1975లో అమెరికాలోని బోస్టన్‌లో మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్ కాలిన గాయాల వార్డులో ఒక సాల్మొనెల్లా చొరబడింది. గాయాల మీద సిల్వర్ నైట్రేట్ కట్లు ఉన్నా అది హాయిగా పెరిగింది. ముగ్గురు రోగులు చనిపోయారు, వార్డు మూసేయాల్సి వచ్చింది. ఆ బ్యాక్టీరియాలో దొరికిన ప్లాస్మిడ్‌కు (ఒక బ్యాక్టీరియా నుంచి ఇంకోదానికి చేరగల చిన్న డీఎన్ఏ చుట్టకు) పీఎంజీ101 అని పేరు పెట్టారు. ఇరవై ఏళ్లు దాటాక, 1999లో, షికాగోలో సైమన్ సిల్వర్ బృందం అందులోని వెండి నిరోధక జన్యువుల వరుసను చదివింది. (అవును, ఇంటిపేరు సిల్వరే. అప్పుడప్పుడు సైన్సుకూ హాస్యం తోస్తుంది.) పొర బయట వెండిని పట్టి ఆపే ప్రొటీన్ ఒకటి, లోపలికి వచ్చిన వెండిని బయటికి తోసే పంపులు రెండు, వెండి జాడ పసిగట్టి వీటన్నిటినీ నిద్రలేపే ఏర్పాటు ఒకటి. ఒకేసారి పది చోట్ల దెబ్బతీసే వెండిని తప్పించుకోలేదన్న బ్యాక్టీరియా, అసలు ఆ దెబ్బే తగలకుండా గుమ్మం దగ్గరే గెంటేసే ఉపాయం పట్టుకుంది.

ఆ ప్లాస్మిడ్‌లో వెండి జన్యువులు ఒంటరిగా లేవు. యాంపిసిలిన్, క్లోరాంఫెనికాల్, టెట్రాసైక్లిన్, స్ట్రెప్టోమైసిన్‌లను ఓడించే జన్యువులూ, పాదరసాన్ని ఓడించే జన్యువులూ పక్కపక్కనే ఉన్నాయి. ఇది సారె మూటలాంటిది: అరిసెల కోసం మూట అందుకుంటే చీరా, గాజులూ, పసుపు కుంకుమా వెంట వచ్చేస్తాయి. వెండి ఉన్న చోట బతకడానికి ఆ ప్లాస్మిడ్‌ను అట్టిపెట్టుకున్న బ్యాక్టీరియా, యాంటీబయోటిక్ ఒక్క చుక్క తగలకుండానే నాలుగు మందులకు మొండిదవుతుంది. మందులకు లొంగని బ్యాక్టీరియాకు విరుగుడని వెండిని ఎక్కడబడితే అక్కడ చల్లితే, అలాంటి బ్యాక్టీరియానే మనం పెంచి పోషించే అవకాశం ఉందన్నమాట.

ఇవి ఏ ఒక్క వార్డులోనో జరిగిన వింతలని కొట్టిపారేయడానికి లేదు. బ్రిటన్ పరిశోధకులు 2010 తర్వాత చేసిన ప్రయోగాల్లో ఒక ముఖ్యమైన తేడా బయటపడింది. స్టెఫైలోకాకస్ ఆరియస్‌ను వారాల తరబడి వెండిలో పెంచినా అది నిరోధకత నేర్చుకోలేదు. క్లెబ్సియెల్లా, ఎంటరోబ్యాక్టర్ లాంటి గ్రామ్ నెగెటివ్ (కణం చుట్టూ అదనంగా ఒక బయటి పొర ఉండే) జాతుల్లో ఆ వెండి జన్యువులను ముందే మోస్తున్నవి కనిపించాయి. అవి మామూలు పరీక్షలో లొంగినట్టే ఉంటాయి. వెండి తగిలితే ఒక్క మ్యుటేషన్‌తో (జన్యువులో మార్పుతో) పూర్తి మొండివైపోతాయి. పడమటి దేశాల్లో ఆసుపత్రులను ఏళ్లపాటు భయపెట్టింది మందులకు లొంగని స్టెఫైలోకాకస్. మన ఐసీయూలను పీడిస్తున్నది క్లెబ్సియెల్లా, అసినెటోబ్యాక్టర్, సూడోమోనాస్. అవన్నీ గ్రామ్ నెగెటివ్‌లే. వెండి మీద అక్కడి ధీమాను ఇక్కడికి దిగుమతి చేసుకోకూడదనడానికి నాకు ఇంతకంటే పెద్ద కారణం అక్కర్లేదు.

నానో కణాలకైతే నిరోధకత రాదులే అన్న మాటకూ జవాబు వచ్చేసింది. 2018లో చెక్ రిపబ్లిక్‌లోని ఒలొమౌట్స్ పరిశోధకులు ఇ. కోలైకీ, సూడోమోనాస్‌కూ మళ్లీ మళ్లీ నానో కణాలు తగిలిస్తూ పోయారు. ఆ బ్యాక్టీరియా జన్యువులేవీ మార్చుకోకుండానే, తమ తోకలకు వాడే ఫ్లాజెల్లిన్ అనే జిగురు ప్రొటీన్ ఎక్కువగా వదలడం మొదలుపెట్టాయి. కణాలు దానికి అంటుకుని ముద్దలు కట్టాయి, పనికిరాకుండా పోయాయి. ఆ ఫ్లాజెల్లిన్‌ను ఆపడానికి వాళ్లు వాడింది దానిమ్మ తొక్కల సారం. మన ఆకు కషాయాల వాళ్లకు ఇక్కడ ఒక అసలు సిసలైన పరిశోధనాంశం ఎదురుచూస్తోంది. కషాయంతో కణం తయారుచేయడం తేలిక. కషాయం బ్యాక్టీరియా ఎత్తుగడను ఎలా దెబ్బతీస్తుందో చూడటం కష్టం, కానీ పనికొచ్చేది అదే.

హైదరాబాద్‌లో కూర్చుని ఈ మాటలు రాయడానికి ప్రత్యేక కారణం ఉంది. 2007లో స్వీడన్ శాస్త్రవేత్త యోకిమ్ లార్సన్ బృందం పటాన్‌చెరు ఉమ్మడి వ్యర్థజల శుద్ధి కేంద్రం నుంచి వదిలే నీటిని పరీక్షించింది. సుమారు తొంభై మందుల తయారీ సంస్థల మురుగు అక్కడికి చేరేది. శుద్ధి అయ్యాక బయటికి వస్తున్న నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ తేలింది. మాత్ర మింగిన రోగి రక్తంలో ఉండే దానికంటే అది ఎక్కువ. ఆ నీరు ఇసకవాగు, నక్కవాగుల మీదుగా మంజీరా వైపు పోయేది. రోగి నోటిదాకా వెళ్లకముందే మందు వాగు పాలైంది, దానితో ఎలా బతకాలో బురదలోని బ్యాక్టీరియాకు పాఠం చెప్పింది. 2019లో మందులకు లొంగని బ్యాక్టీరియా నేరుగా బలిగొన్న వాళ్లు ప్రపంచంలో 12.7 లక్షల మంది అని లాన్సెట్ పత్రిక 2022లో లెక్కగట్టింది. ఆ లెక్కలో మన వాగుల వాటా ఎంతో విడదీసి చెప్పలేం, వాటా లేదని మాత్రం ఎవరూ అనలేరు.

వెండి విషయంలో మురుగు కథ కొంత నయమే, ఆ మాట దాచను. 2008లో అరిజోనా పరిశోధకులు వెండి సాక్సులను నీళ్లలో ఉతికి చూస్తే కొన్ని రకాలు నాలుగు ఉతుకుల్లోనే దాదాపు వెండినంతా వదిలేశాయి. వాసన రాదని ఎక్కువ డబ్బు పెట్టి కొన్న సాక్సు నెల తిరక్కుండా మామూలు సాక్సు! ఆ వెండి మురుగులోకి పోతుంది. మురుగులో గంధకానికి కరువుండదు కాబట్టి అందులో ఎక్కువ భాగం సిల్వర్ సల్ఫైడ్‌గా మారి, చాలావరకు విషం పోగొట్టుకుని, అంబర్‌పేట లాంటి శుద్ధి కేంద్రంలో బురదలో కలుస్తుంది. మూసీలో చేపలన్నీ వెండితో చస్తాయని బెదిరించడం నా ఉద్దేశం కాదు. మూసీకి అంతకంటే పెద్ద రోగాలున్నాయి. నా బెంగ మురుగుకు ముందు దశ గురించి: చర్మం మీద, ఆసుపత్రి మంచం కమ్మీ మీద, నల్లా చుట్టూ పేరుకున్న పాచిలో, చంపడానికి చాలని మోతాదులో వెండి నెలల తరబడి తగులుతూ ఉండటం. బ్యాక్టీరియాకు చదువు వచ్చేది అలాంటి చోటే.

అలాగని వెండిని వెలివేయమనడం లేదు. మన బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐ పరిశోధన కేంద్రం నీళ్లు వడకట్టే సెరామిక్ క్యాండిళ్లకు నానో వెండి పూసే పద్ధతి తయారుచేసింది. క్యాండిల్ రంధ్రాల్లో చిక్కిన బ్యాక్టీరియా అక్కడే కాపురం పెట్టకుండా ఆపే ఆలోచన అది. తాగునీటిలో లీటరుకు 0.1 మిల్లీగ్రాము వరకు వెండి ఉన్నా ఆరోగ్యానికి ముప్పు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. ఆ హద్దులో ఉంటే, కరెంటు లేని ఊళ్లో అలాంటి వడపోత నాకు సమ్మతమే. ఎముక క్యాన్సర్ తీసేశాక అమర్చే పెద్ద లోహపు కీళ్లకు జర్మనీలోని మ్యూన్‌స్టర్ వైద్యులు వెండి పూత వాడితే, ఇన్ఫెక్షన్లు 17.6 శాతం నుంచి 5.9 శాతానికి తగ్గాయని 2010లో రాశారు. రోగులను చీటీ తీసి రెండు గుంపులుగా పంచిన అధ్యయనం కాదది, అయినా కొట్టిపారేయలేం. 2013లో జేమ్స్ కాలిన్స్ బృందం ఎలుకల్లో ఇంకో దారి చూపించింది. కొద్దిపాటి వెండి గ్రామ్ నెగెటివ్ బ్యాక్టీరియా పొరను వదులు చేస్తే, మామూలుగా లోపలికి దూరలేని వాంకోమైసిన్ అనే యాంటీబయోటిక్ కూడా దూరి పనిచేసింది. కొత్త మందులు అరుదుగా వచ్చే ఈ కాలంలో పాత మందుకు మళ్లీ పదును పెట్టే ఇలాంటి పనికి వెండి కావాలి. అందుకే దాన్ని దాచుకోవాలి.

దాచుకోవడం మన ప్రభుత్వానికి తెలియని విద్య కాదు. చివరి అస్త్రంగా వాడే యాంటీబయోటిక్ కోలిస్టిన్‌ను కోళ్లకూ, చేపలకూ, పశువులకూ వాడకూడదని 2019 జులైలో కేంద్రం నిషేధించింది.  2016 నుంచి యాంటీబయోటిక్ మాత్రల అట్ట మీద, డాక్టరు చీటీ లేకుండా వాడొద్దని చెప్పే ఎర్ర గీత గురించి ప్రచారం చేస్తున్నారు. వెండి సంగతి వేరు: అదే లోహం క్రీములో ఉంటే మందు, బనియన్లో ఉంటే వస్త్రం, గోడ రంగులో ఉంటే అలంకారం. బ్యాక్టీరియాకు మాత్రం మూడూ ఒకటే. క్రిములను చంపుతుందని చెప్పి అమ్మే వెండి వస్తువు ఏదైనా సరే, అందులో వెండి ఎంత, ఎన్ని ఉతుకుల దాకా ఉంటుంది, ఆ మాటకు రుజువేమిటి అన్నది అట్ట మీద రాయాలని నా డిమాండు. వెండి కలిపిన వాషింగ్ మెషీన్ వచ్చినప్పుడు అమెరికా పర్యావరణ సంస్థ 2006లో, క్రిములను చంపుతానని చెప్పుకుంటే పురుగుమందుల చట్టం కింద నమోదు చేసుకోమంది. అంతకంటే తక్కువ అడగడానికి మనకు కారణం లేదు.

కాలేజీల వాళ్లకు నేను చెప్పేది కటువుగానే ఉంటుంది. వలయం ఫోటో ఇక చాలు. సీరంలో చూడండి. అదే బ్యాక్టీరియాను తక్కువ మోతాదు వెండిలో నెల రోజులు తిరగేసి పెంచి, చివర్లో మళ్లీ పరీక్షించండి. వెండి జన్యువులున్న స్ట్రెయినేదో, లేనిదేదో ముందే తేల్చుకోండి. ఫలితం నిరాశపరిచినా అచ్చు వేయండి. ఇవన్నీ పెద్ద ఖర్చుతో అయ్యే పనులు కావు. సిల్వర్ నైట్రేట్ కొన్న డబ్బుకు కాస్త జోడిస్తే చాలు. కావలసిందల్లా ఓపిక, కష్టపడి తెచ్చిన పనిలో తప్పు వెతికే ధైర్యం.

మా ఆసుపత్రిలోనూ ఇదే తగువు నడిచింది. వార్డు కర్టెన్లకు, గోడలకు వెండి పూత వేస్తామని ఒక సంస్థ ప్రతినిధి అందమైన పుస్తకం పట్టుకొచ్చాడు. అందులో మూడో పేజీలోనే వలయం ఫోటో. ఆ పూత ఉన్న వార్డులో రోగులకు ఇన్ఫెక్షన్లు ఎన్ని తగ్గాయని అడిగితే, "సూక్ష్మజీవులు 99.9 శాతం తగ్గుతాయి మేడమ్" అన్నాడు. అవి వేర్వేరు ప్రశ్నలని చెప్పినా ఆయన నవ్వు చెరగలేదు. ఆ డబ్బును ప్రతి మంచం దగ్గర చేతులు రుద్దుకునే స్పిరిట్ సీసాకు, రాత్రి డ్యూటీలో ఇంకో ఇద్దరు నర్సులకు పెట్టమని ఇన్ఫెక్షన్ నియంత్రణ కమిటీలో వాదించాను. స్పిరిట్ సీసాలు వచ్చాయి. నర్సులు ఇంకా రాలేదు. కర్టెన్లు మామూలువే, వారం వారం ఉతుకుతున్నారు.

వెండి కట్లు మాత్రం ఉన్నాయి, ఉండాలి కూడా. లోతుగా కాలిన గాయానికీ, చీము పట్టి మొండికేసిన పుండుకూ రెండు వారాలు వాడి, ఆ తర్వాత ఇంకా అవసరమా అని మళ్లీ చూడమని 2012లో గాయాల నిపుణులు కలిసి చేసిన సూచన ఒకటి ఉంది. మా దగ్గర మధుమేహం పుండ్లకు అవే కట్లు నెలల తరబడి నడుస్తుండేవి. ఎందుకు ఆపలేదంటే ఎవరూ ఆపమనలేదు, అంతే. ఇప్పుడు కేసు షీటులో వెండి కట్టు మొదలుపెట్టిన తేదీ పక్కనే ఆపాల్సిన తేదీ కూడా రాయాలని నియమం పెట్టించాను. సర్జన్లు గొణుగుతున్నారు గానీ, రాస్తున్నారు.